కుంకుమకు ఎంత నలుపు?

నిజామాబాద్ జిల్లా వర్నిలో గాని, రుద్రూరులో గాని, బోధన్‌లో గాని ఫొటో స్టూడియోకు పెళ్లిళ్లు లేని రోజుల్లో వచ్చే గిరాకీ రెండు రకాలు. ఒకటి పాస్‌పోర్టు సైజు ఫొటోలు. రెండోది పాత ఫొటో పట్టుకొచ్చి "దీన్ని పెద్దగ చేసియ్యాలె" అనేవాళ్లు. దినాలకు దండ వేయడానికో, షష్టిపూర్తికి హాల్లో పెట్టడానికో, మనవడి పెళ్లి ఫ్లెక్సీలో వేయించడానికో. ట్రంకు పెట్టెలో ఏళ్ల తరబడి ఉన్న ఆ ఫొటో రంగులు ఎర్రబారి, అంచులు పసుపెక్కి ఉంటాయి. "రంగెట్లాగూ పోయింది, బ్లాక్ అండ్ వైట్ చేద్దాం" అని స్టూడియో అబ్బాయే సలహా ఇస్తాడు. ఫొటోషాప్‌లో షిఫ్ట్, కంట్రోల్, యు మీటలు మూడూ కలిపి నొక్కుతాడు. రెప్పపాటులో రంగు పోతుంది.

దంపతుల ఫొటో అయితే అప్పుడు మొదలవుతుంది పంచాయతీ.

"బిడ్డా, నా బొట్టేది?"

"ఉన్నది పెద్దమ్మా. బ్లాక్ అండ్ వైట్ల గట్లనే కనవడతది."

"మీ పెదనాయన మంచిగున్నడు. గిప్పుడే నా బొట్టు తుడిచిపెడ్తవా?"

ఇది ఫలానా రోజు ఫలానా స్టూడియోలో జరిగిందని చెప్పడం లేదు. పాత ఫొటోలు బాగుచేసే పని పెట్టుకున్న ఏ స్టూడియోవాళ్లను అడిగినా ఇలాంటి మాట ఒకటి చెబుతారు. పెద్దమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్న. రంగుల ఫొటోలో నిండుగా ఉన్న కుంకుమ బొట్టు నలుపు తెలుపులోకి రాగానే ఎక్కడికి పోయింది?

లెక్క వేసి చూద్దాం. కంప్యూటర్ తెర మీద ప్రతి చుక్కకూ మూడు అంకెలు ఉంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు. కుంకుమ బొట్టుకు ఆ అంకెలు సుమారుగా 200, 20, 30 అనుకుందాం. పసుపు రాసుకున్న ముఖానికి 220, 170, 30 అనుకుందాం. ఆ మూడు మీటల ఆదేశం పేరు డీశాచురేట్. అది చేసేది చాలా చిన్న పని. మూడు అంకెల్లో పెద్దదాన్నీ చిన్నదాన్నీ కూడి సగం చేస్తుంది. కుంకుమకు 200, 20 కలిపితే 220, సగం 110. పసుపు ముఖానికి 220, 30 కలిపితే 250, సగం 125. నూటపదికీ నూటపాతికకూ మధ్య తేడాను కంటితో పట్టుకోవాలంటే కళ్లద్దాలు తుడుచుకుని చూడాలి. బొట్టు అక్కడే ఉంది. ముఖంలో కలిసిపోయింది, అంతే.

అదే ఫొటోను మెనూలోకి వెళ్లి గ్రేస్కేల్ చేస్తే కథ మారిపోతుంది. సాధారణంగా వాడే సూత్రం ప్రకారం ఎరుపులో 0.299 వంతు, ఆకుపచ్చలో 0.587 వంతు, నీలంలో 0.114 వంతు తీసుకుని కలుపుతారు. కుంకుమకు 75 వస్తుంది. పసుపు ముఖానికి 169 వస్తుంది. బొట్టు చీకటిగా, స్పష్టంగా నిలబడుతుంది. అవే అంకెలు, అదే ఫొటో, సూత్రం ఒక్కటే వేరు. మరి ఈ వంతులు ఎవరు పెట్టారు? ఆకుపచ్చకు సగానికి మించి, నీలానికి పదో వంతు చిల్లర అని ఎవరు నిర్ణయించారు? దానికి సమాధానం కంప్యూటర్లు పుట్టడానికి చాలా ముందునుంచీ మొదలవుతుంది.

తొలి రోజుల ఫొటో గాజు పలకల మీద పూసిన వెండి లవణాలకు నీలం, ఊదా, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు మాత్రమే కనిపించేవి. ఎరుపు, పసుపు ఎంత వెలుగులో ఉన్నా వాటి లెక్కలో చీకటే. రాజా దీన్‌దయాళ్ 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యేనాటికి మన దగ్గర వాడుకలో ఉన్నవి ఎక్కువగా ఆ రకం పలకలే. నీలి ఆకాశం ఉత్త తెలుపుగా పడేది. పసుపు రాసుకున్న ముఖం అసలు కంటే నల్లగా వచ్చేది. కుంకుమా నలుపే, పసుపూ నలుపే. పైన వేసుకున్న అంకెల్లో నీలం గడి మాత్రం చూడండి: కుంకుమకు 30, పసుపుకు 30. నిజాం కాలపు పలకలో కూడా మన పెద్దమ్మ బొట్టు కనిపించేది కాదు.

ఈ గుడ్డితనాన్ని కొంతవరకు పోగొట్టింది బెర్లిన్‌లో ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పే హెర్మన్ విల్‌హెల్మ్ ఫోగెల్. 1873లో ఆయన ఇంగ్లండ్ నుంచి వచ్చిన పలకలను పరీక్షిస్తుంటే అవి నీలం కంటే ఆకుపచ్చకే ఎక్కువగా స్పందించాయి. అలా జరగడానికి వీల్లేదు. ఆరా తీస్తే, వెలుగు గాజు వెనక నుంచి తిరిగొచ్చి బొమ్మను పాడుచేయకుండా తయారుచేసినవాళ్లు అందులో పసుపు రంగు ఒకటి కలిపారని తేలింది. ఆల్కహాల్‌తో ఆ రంగు కడిగేస్తే ఆకుపచ్చను చూసే శక్తీ పోయింది. అంటే అద్దకపు రంగు కలిపితే వెండి లవణానికి కొత్త చూపు వస్తుంది. వేరే పని కోసం వేసిన రంగు ఇంత పెద్ద సంగతి బయటపెట్టింది. ఆ దారిలో వచ్చినవే ఆర్థోక్రోమాటిక్ పలకలు. వాటికి ఆకుపచ్చ, పసుపు కనిపిస్తాయి. ఎరుపు మాత్రం కనిపించదు. పాత ఆల్బముల్లో కొందరు ముత్తవ్వల బొట్టు కాటుకంత నల్లగా, నిండుగా కనిపించడానికి ఇది ఒక కారణం. ముఖం లేతబడింది, కుంకుమ నలుపుగానే మిగిలింది.

1906లో లండన్‌లోని రాటెన్ అండ్ వెయిన్‌రైట్ కంపెనీ ఎరుపును కూడా చూడగల పాన్‌క్రోమాటిక్ పలకలను అమ్మకానికి పెట్టింది. అన్ని రంగులూ కనిపించడం మొదలయ్యాక కొత్త చిక్కు వచ్చింది, కొత్త స్వేచ్ఛ కూడా వచ్చింది. ఏ రంగును ఎంత లేతగా, ఎంత ముదురుగా పడనివ్వాలో ఫొటో తీసేవాడు నిర్ణయించుకోవచ్చు. దానికి లెన్సు ముందు రంగు గాజు పెట్టాలి. పసుపు ఫిల్టరు ఆకాశాన్ని కాస్త ముదురు చేస్తుంది. ఎర్ర ఫిల్టరు నీలాన్ని దాదాపు నలుపు చేసి మబ్బుల్ని పైకి లేపుతుంది. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టాలను ఎర్ర ఫిల్టరుతో తీస్తే ఆకాశం ఉరిమినట్టు వస్తుంది. 1937లో నెలకొల్పి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు కుర్రాళ్లు ఫోన్లో దాన్ని తీసి, నలుపు తెలుపు చేసి, కాంట్రాస్టు పెంచి స్టేటస్ పెడుతున్నారు. మూతపడ్డ ఫ్యాక్టరీకి కావలసింది అదనపు విషాదం కాదని నా అభిప్రాయం, కానీ వాళ్లు వాడే ఆ బటన్ వెనక ఉన్నది మాత్రం 1906 నాటి ఎర్ర గాజు ముక్కే.

ఫిల్టరు ఊరికే రాదు. ఎర్ర గాజు పెడితే ఎర్రనివన్నీ తేలిపోతాయి. మళ్లీ మన అంకెల్లో ఎరుపు గడి చూడండి: కుంకుమకు 200, పసుపు ముఖానికి 220. బొట్టు మాయం. పెదాలు కూడా మాయం. అందుకే మనుషుల్ని తీసేటప్పుడు పాతకాలపు ఫొటోగ్రాఫర్లు ఎర్ర ఫిల్టరు జోలికి అంతగా పోయేవారు కాదు. కరీంనగర్ జిల్లా నుంచి వెళ్లి హైదరాబాద్‌లో స్థిరపడ్డ బండి రాజన్‌బాబు, 2011లో కన్నుమూసేదాకా, ఆదివాసుల ముఖాలను నలుపు తెలుపులో చూపించడంలో మేటి అనిపించుకున్నారు. ఆ తరానికి డార్క్ రూమ్‌లో ఏ నలుపు ఎక్కడ ఆగాలో చేతి వేళ్లకు తెలిసేది.

ఇక రంగుల వైపు చూస్తే, రంగుల ఫొటో అనేదే మూడు నలుపు తెలుపు ఫొటోల కలయిక. 1861 మే 17న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ చేసి చూపింది అదే. గళ్ల రిబ్బను ఒకదాన్ని థామస్ సటన్ చేత ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా విడివిడిగా ఫొటో తీయించి, మూడింటినీ అవే రంగుల వెలుగుతో తెర మీద ఒకదాని మీద ఒకటి పడేలా వేశారు. రంగుల రిబ్బను కనిపించింది. తమాషా ఏమిటంటే ఆ కాలపు పలకలకు ఎరుపు కనిపించదు. మరి ఎరుపు ఫొటో ఎలా వచ్చింది? వందేళ్ల తర్వాత, 1961లో, రాల్ఫ్ ఎవాన్స్ బృందం ఆ ముడి విప్పింది. రిబ్బనులోని ఎర్ర దారం అతినీలలోహిత కిరణాల్ని కూడా వెనక్కి పంపుతోంది, పలక పట్టుకున్నది వాటిని. పొరపాటున సరైన ఫలితం వచ్చిందన్నమాట. ఇప్పుడు ఫొటోషాప్‌లో చానల్స్ అనే పలక తెరిస్తే కనిపించే మూడు బూడిద రంగు బొమ్మలు సటన్ తీసిన మూడు పలకలకు వారసులు.

ఇప్పుడు ఆ వంతుల సంగతి. అవి పుట్టింది ఫొటో స్టూడియోలో కాదు, టీవీ కోసం. అమెరికాలో రంగుల ప్రసారం మొదలుపెట్టాలనుకునేసరికి జనం ఇళ్లలో నలుపు తెలుపు టీవీలు లక్షల కొద్దీ ఉన్నాయి. రంగుల ప్రసారం వాటిలోనూ సక్రమంగా కనిపించాలి. జార్జి వాలెన్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు 1938లోనే దీనికి ఉపాయం చెప్పి పేటెంటు తీసుకున్నాడు: వెలుగును ఒక సంకేతంగా, రంగును మరో సంకేతంగా పంపితే పాత టీవీ మొదటిదాన్ని తీసుకుంటుంది, కొత్త టీవీ రెండింటినీ తీసుకుంటుంది. ఆ వెలుగు సంకేతాన్ని మూడు రంగుల నుంచి ఎలా తయారుచేయాలి? మనిషి కన్ను ఏ రంగును ఎంత కాంతిమంతంగా చూస్తుందో అప్పటికే కొలిచి ఉన్నారు. పసుపు, ఆకుపచ్చల మధ్య, 555 నానోమీటర్ల దగ్గర, కన్ను అన్నిటికంటే చురుకు. నీలానికి బాగా మందం. ఆ కొలతల నుంచీ, ఆనాటి టీవీ తెర మీద వెలిగే పూతల రంగుల నుంచీ లెక్కగట్టినవే 0.30, 0.59, 0.11. అమెరికా ప్రభుత్వం 1953 డిసెంబరు 17న ఆమోదించిన రంగుల టీవీ ప్రమాణంలో అవి చేరాయి.

మన దగ్గర దూరదర్శన్ 1982లో రంగుల్లోకి మారింది. చాలా ఊళ్లలో ఆ తర్వాత కూడా ఏళ్లపాటు నలుపు తెలుపు టీవీలే నడిచాయి. కొందరు పైన నీలం, కింద ఆకుపచ్చ ఉండే ప్లాస్టిక్ రేకు తెర ముందు తగిలించి రంగుల టీవీ అనిపించుకునేవారు. సత్రం వరండాలో అయినా, పంచాయతీ ఆఫీసు ముందు అయినా అలాంటి టీవీలో ఆదివారం సాయంత్రం రంగుల సినిమా చూసిన ప్రతివాళ్లూ రంగుల నుంచి నలుపు తెలుపుకు మార్చిన బొమ్మనే చూశారు. మార్చింది ఆ వంతులే. కంప్యూటర్లు వచ్చాక బొమ్మల ప్రోగ్రాములు రాసినవాళ్లు మళ్లీ కొత్తగా కొలతలు తీయలేదు. టీవీ నుంచి ఆ మూడు అంకెలను తెచ్చుకుని వాడుకున్నారు. తర్వాత హెచ్‌డీ టీవీ తెరలకు వేరే వంతులు వచ్చాయి. అందులో ఆకుపచ్చ వాటా ఇంకా పెరిగి 0.7152 అయింది.

కంప్యూటర్‌లోకి వెళ్లిన మొదటి ఫొటో కూడా నలుపు తెలుపుదే. 1957లో అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేసే రసెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫొటోను 176 గళ్ల వెడల్పు, 176 గళ్ల ఎత్తున యంత్రంలోకి ఎక్కించాడు. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా కూడా నలుపు తెలుపే తీసింది. ఒక ఫొటోను క్యాసెట్ టేపు మీదకు ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. అదే కొడాక్‌లో బ్రైస్ బేయర్ రంగుల చిక్కు విప్పాడు. సెన్సారు మీద ఒక్కో గడికి ఒక్కో రంగు గాజు పూత వేసి, ఎరుపు గళ్లు ఎన్ని ఉంటే నీలం గళ్లూ అన్నే ఉంచి, ఒక్కోదానికి రెట్టింపు ఆకుపచ్చ గళ్లు పెట్టాడు. 1976లో పేటెంటు వచ్చింది. రెట్టింపు ఎందుకో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. వర్ని చౌరస్తాలో ఎవరి జేబులో ఫోన్ తీసినా దాని కెమెరాలో ఉండేది దాదాపుగా బేయర్ అమర్చిన ఆ గళ్ల చాపే.

ఇక ఫొటోషాప్ కథలో అసలు కథానాయకుడి దగ్గరికి వద్దాం. థామస్ నోల్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేస్తున్న కుర్రవాడు. తండ్రి గ్లెన్ నోల్ అక్కడే ప్రొఫెసర్. ఆయనకు ఫొటోల పిచ్చి. ఇంటి నేలమాళిగలో డార్క్ రూమ్ పెట్టుకున్నాడు. పిల్లవాడు ప్రింట్లు కడుగుతూ, కాంట్రాస్టు సరిచేస్తూ, రంగులు ఒకవైపు మొగ్గకుండా చూసుకుంటూ అక్కడే చేయి తిప్పుకున్నాడు. 1987లో థామస్ దగ్గర ఉన్న మాకింటాష్ ప్లస్ తెరకు తెలిసింది రెండే: నలుపు, తెలుపు. మధ్యలో బూడిద రంగు అనేదే లేదు. దాని మీద బూడిద రంగు మెట్లు ఉన్న ఫొటోను ఎలా చూపించాలన్నది అతనికి పట్టిన పంతం. నల్ల చుక్కల్ని దగ్గరగా, దూరంగా పేర్చి కన్నును నమ్మించే చిన్న ప్రోగ్రాము రాశాడు. డిస్‌ప్లే అని పేరు పెట్టుకున్నాడు. చదువు ఎగ్గొట్టి చేసిన పని అది.

తమ్ముడు జాన్ నోల్ జార్జి లూకాస్ గారి సినిమా ట్రిక్కుల కంపెనీ ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో ఉద్యోగి. అన్న చూపించింది అతనికి నచ్చింది. ఇది చేయి, అది చేయి అంటూ పనులు పురమాయించాడు. రంగుల తెర ఉన్న మాకింటాష్ 2 వచ్చాక లెవెల్స్, కలర్ బ్యాలెన్స్, హ్యూ, శాచురేషన్ ఒక్కొక్కటిగా చేరాయి. తండ్రి డార్క్ రూమ్‌లో ఎక్స్‌పోజర్ సమయం మార్చి, ఫిల్టర్లు మార్చి చేసిన పనులే ఇవి. ఇప్పుడు మౌసుతో జరిపే మీటలయ్యాయి. బోరా బోరా దీవి ఒడ్డున జాన్ తీసిన తన ప్రియురాలి ఫొటో మీద ప్రోగ్రాము చేసే విన్యాసాలన్నీ చూపించేవారు. మొదట బార్నీస్కాన్ అనే స్కానర్ కంపెనీ తన స్కానర్లతో పాటు ఓ రెండు వందల కాపీలు పంచింది. తర్వాత అడోబీ లైసెన్సు తీసుకుని 1990 ఫిబ్రవరి 19న ఫొటోషాప్ మొదటి కూర్పు విడుదల చేసింది. మాకింటాష్‌కు మాత్రమే. ఆ తొలి కూర్పు మూల కోడ్‌ను 2013లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం జనానికి అందుబాటులో పెట్టింది. సుమారు 1,28,000 వరసలు, ఎక్కువ భాగం పాస్కల్ భాషలో. నలుపు తెలుపు తప్ప చూపలేని తెర మీద బూడిద రంగు చూపాలన్న పంతం లేకపోతే రంగుల ఫొటోలతో ఇంత ఆట ఆడే సాఫ్ట్‌వేర్ వచ్చేదే కాదేమో.

ఇక మన డీశాచురేట్ ఎవరి పుణ్యం? 1970లలో కంప్యూటర్‌కు రంగును మనిషి భాషలో చెప్పాలని ఇద్దరు ముగ్గురు ప్రయత్నించారు. ఏ రంగు, ఎంత చిక్కన, ఎంత వెలుగు అని మూడు ప్రశ్నలు. ఆల్వీ రే స్మిత్ ఒక పద్ధతి, జాబ్లవ్, గ్రీన్‌బెర్గ్‌లు ఇంకో పద్ధతి 1978లో ప్రచురించారు. రెండో పద్ధతిలో వెలుగు అంటే పెద్ద అంకె, చిన్న అంకెల సగటు. ఆనాటి నెమ్మది యంత్రాలకు లెక్క తేలిక. కన్ను ఎలా చూస్తుందన్నది వాళ్లు పట్టించుకోలేదు, పట్టించుకోవలసిన పని కూడా వాళ్లకు లేదు, ఎందుకంటే అది రంగును ఎంచుకోవడానికి చేసిన ఏర్పాటు. దాన్ని తెచ్చి ఫొటో రంగు తీసే మీటకు తగిలించడమే తప్పు. ఆ పద్ధతిలో చిక్కని ఎరుపు, చిక్కని పసుపు, చిక్కని నీలం అన్నీ ఒకే బూడిద. పెద్దమ్మ బొట్టు తుడిచిపెట్టింది అదే. జింప్ అనే ఉచిత ప్రోగ్రాము ఈ విషయంలో నిజాయతీగా ఉంది. 1995లో బర్కిలీలో ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్, మొదలుపెట్టిన దానిలో డీశాచురేట్ నొక్కితే ఏ లెక్క ప్రకారం చేయమంటారని అడుగుతుంది.

ఫొటోషాప్‌లో మెరుగు మెల్లగా వచ్చింది. 1996లో వచ్చిన నాలుగో కూర్పులో అసలు ఫొటోను ముట్టుకోకుండా పైన పొరగా మార్పులు చేసుకునే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు వచ్చాయి. 1998 నాటి అయిదో కూర్పులో చానల్ మిక్సర్ వచ్చింది. దాంతో వంతులు పెట్టే అధికారం పనిచేసేవాడి చేతికి దక్కింది. అయినా అది వాడాలంటే అంకెల మీద పట్టు ఉండాలి. మన స్టూడియోల్లో చాలాకాలం రాజ్యమేలింది 2002 నాటి సెవెన్ పాయింట్ ఓ. ప్రోగ్రాము తెరుచుకునేటప్పుడు వచ్చే పేర్ల జాబితాలో థామస్ నోల్ పక్కన సీతారామన్ నారాయణన్ అనే పేరు చూసి "మనోడే" అనుకోని ఫొటో డిజైనర్ ఉండడు. కరిష్మా ఆల్బములు వచ్చాక రాత్రింబవళ్లు ఆ తెర ముందే గడిపినవాళ్లకు ఆ పేరు చుట్టాల పేరు కింద లెక్క.

2007 వసంతంలో వచ్చిన సీఎస్ 3లో బ్లాక్ అండ్ వైట్ అనే పేరుతోనే ప్రత్యేకమైన పనిముట్టు పెట్టారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, సయాన్, నీలం, మెజెంటా అని ఆరు మీటలు. తెరవగానే ఎరుపు 40, పసుపు 60, నీలం 20 అని కనిపిస్తాయి. ఇందులో అందం ఏమిటంటే ఎరుపునూ పసుపునూ విడదీశారు. ఎరుపు మీటను తగ్గించండి, పెద్దమ్మ కుంకుమ నల్లబడుతుంది. పసుపు మీటను పెంచండి, ముఖం వెలుగుతుంది. సిద్ధంగా ఉన్న జాబితాలో రెడ్ ఫిల్టర్, ఎల్లో ఫిల్టర్ అనే పేర్లు కూడా ఉంటాయి. లండన్ కంపెనీ గాజు ముక్కల జ్ఞాపకం ఇంకా అలా మిగిలింది. అదే ఏడాది డిసెంబరులో అడోబీకి సీఈఓ అయిన శంతను నారాయణ్ హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో, ఉస్మానియా ఇంజనీరింగులో చదివినవారు. అడోబీలో 1998లో చేరడానికి ముందు ఆయన మిత్రులతో కలిసి పెట్టిన కంపెనీ పిక్ట్రా పని కూడా ఫొటోలే. ఇంటర్నెట్‌లో ఫొటోలు పంచుకోవడమనే ఆలోచనను 1996లోనే అమ్మబోయి, కాలం కంటే ముందుకెళ్లి దెబ్బతిన్నారు.

కంటి కొలతలతో వచ్చిన వంతులు కూడా అన్నివేళలా పనిచేయవు. క్లాడ్ మొనే గీసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్' చిత్రంలో నారింజ రంగు సూర్యుడు చుట్టూ ఉన్న బూడిద నీలి పొగమంచు అంత వెలుగులోనే ఉంటాడు. దాన్ని గ్రేస్కేల్ చేస్తే సూర్యుడే కనిపించడు. అమెరికాలో ఎమీ గూచ్, మరో ముగ్గురు 2005లో ప్రచురించిన కలర్ టు గ్రే పద్ధతి ఈ చిత్రాన్నే ఉదాహరణగా తీసుకుంది. పక్కపక్కన ఉన్న రెండు రంగుల మధ్య కంటికి తెలిసే తేడాను బూడిద రంగులోనూ ఎలాగైనా నిలబెట్టాలన్నది వాళ్ల సూత్రం. మొనే సూర్యుడికీ మన పెద్దమ్మ బొట్టుకూ వచ్చిన జబ్బు ఒకటే.

వెనక్కి వెళ్లే దారి ఇంకా కష్టం. మూడు అంకెలు కలిసి ఒక్కటయ్యాక ఆ ఒక్కటి నుంచి మూడూ రాబట్టడం ఏ లెక్కకూ సాధ్యం కాదు, ఊహించాలి. హైదరాబాద్ కంపెనీ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ 1957 నాటి 'మాయాబజార్'కు రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. 165 మంది సాంకేతికులు ఎనిమిది నెలలు పనిచేశారు. 1,80,000 ఛాయలు తయారుచేశారు. పని చూస్తే దండం పెట్టాలి. జనం కూడా బాగా చూశారు. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ ఆ సినిమాలో పండించిన వెన్నెల నలుపు తెలుపుల మధ్య మెట్ల మీద కట్టినది. ఆ మెట్ల మీద నీలం పులిమితే వెన్నెల పెరగలేదు. నాకైతే పాత కూర్పే చాలు.

పెద్దమ్మ ఫొటోకు కావలసిన వైద్యం మాత్రం సులువైనది. 1970, 80ల నాటి రంగుల ప్రింట్లు చీకట్లో ఉన్నా చెడతాయి. వాటిలో ముందుగా పోయేది సయాన్ రంగు. అందుకే పెట్టెలో ఉన్న ఫొటో ఎర్రబారుతుంది. సయాన్ అద్దకం మోసేది ఎరుపు చానల్ బొమ్మను కాబట్టి స్కాన్ చేశాక ఎరుపు చానల్ చూస్తే వెలవెలబోయి ఉంటుంది. కాగితం పసుపెక్కిన మరకలన్నీ నీలం చానల్లో చేరి కూర్చుంటాయి. చక్కెర పరిశ్రమవాళ్లకు ఈ సంగతి వేరే రూపంలో తెలుసు. చక్కెర ఎంత తెల్లగా ఉందో కొలవడానికి ప్రపంచమంతా వాడే ఇకుమ్సా పద్ధతిలో చక్కెర ద్రావణం గుండా 420 నానోమీటర్ల ఊదా నీలం వెలుగును పంపుతారు. పసుపు, గోధుమ రంగు మలినం ఉంటే ఆ వెలుగునే మింగేస్తుంది కాబట్టి. బోధన్‌లో చక్కెర ప్రయోగశాలలో చేయి తిరిగినవాళ్లను కూర్చోబెడితే పాత ఫొటోలో మరక ఎక్కడుందో చానల్ పేరు పెట్టి చెప్పేస్తారు. మిగిలింది ఆకుపచ్చ చానల్. రంగు వెలిసిన ఫొటోలో చాలాసార్లు ముఖం గట్టిగా నిలిచి ఉండేది అందులోనే. కుంకుమ 20, పసుపు 170 అని అత్యధిక తేడా ఉన్నదీ అందులోనే. చానల్స్ పలక తెరిచి ఆకుపచ్చను ఎంచుకుని, మిగతా రెండూ వదిలేసి, లెవెల్స్‌తో నలుపు, తెలుపు కొసలు సరిచేస్తే పని ముప్పాతిక అయిపోయినట్టే.

ఇంట్లో పాత ఫొటోలు ఉన్నవాళ్లకు రెండు మాటలు. స్కానింగుకు ఇచ్చేటప్పుడు అది రంగుల ఫొటో అయినా, పూర్తిగా నలుపు తెలుపు ఫొటో అయినా, కలర్‌లోనే స్కాన్ చేయమనండి. నలుపు తెలుపు ప్రింటు మీద టీ మరకలాంటి పసుపు ఉంటే ఎరుపు చానల్లో అది దాదాపు కనిపించదు, గ్రేస్కేల్‌లో స్కాన్ చేస్తే మరక బొమ్మలో కలిసిపోయి మళ్లీ విడిపోదు. రెండోది, ఫ్రేం కట్టించుకున్నాక ఆ కలర్ స్కాన్ ఫైలును పెన్ డ్రైవులో అడిగి తెచ్చుకోండి. స్టూడియోవాళ్లు కంప్యూటర్ మార్చినప్పుడు ముందు ఖాళీ చేసేవి పాత గిరాకీల ఫైళ్లే.